కీబోర్డు తనంతట తాళం వేస్తే ఏఐ అయినట్టేనా?

ప్రశ్న: మా చెక్కభజన బృందానికి కీబోర్డు కొందామని వెళితే, ఎడమచేత్తో కార్డ్ (కలిపి నొక్కే మూడు స్వరాలు) పట్టుకుంటే చాలు, తాళం, బేసు అదే వాయిస్తుంది, ఇది ఏఐ అన్నారు. నిజమేనా? చనిపోయిన మా భజన గురువు పాడిన పాత క్యాసెట్ ఒకటుంది. అందులోంచి ఆయన గొంతు మాత్రం ఏఐతో తీయొచ్చా?
– ఒక పాఠకుడు, తాడిపత్రి, అనంతపురం జిల్లా

జవాబు: ఆ తాళం ఏఐ కాదండీ. దాన్ని స్టైల్ అంటారు. ముందే వాయించిపెట్టిన ముక్కలు మెమరీలో ఉంటాయి. మీరు సి, ఇ, జి నొక్కితే సి మేజర్ అని పట్టికలో చూసుకుని, ముక్కను ఆ స్వరాలకు జరిపి వాయిస్తుంది. ఇ బదులు ఇ ఫ్లాట్ నొక్కితే మైనర్ అవుతుంది. కొట్లోనే ఒకే కార్డ్ పట్టుకుని 16 బార్లు (తాళం 16 చుట్లు) వినండి, తిరిగి తిరిగి అదే వస్తుంది. కుడిచేత్తో మీరు పల్లవి వాయిస్తున్నారో చరణం వాయిస్తున్నారో దానికి తెలియదు.

1957 నాటి ఇలియాక్ సూట్ అనే కంప్యూటర్ సంగీతం కూడా ఏమీ నేర్చుకున్నది కాదు. స్వరాలను చీటీలు తీసినట్టు తీసి, నియమాలకు కుదరనివి వదిలేసేది. పాఠ్యపుస్తకాల లెక్కన నియమాలతో నడిచేదీ ఏఐ కిందికే వస్తుంది. కానీ ఇప్పుడు ఏఐ అని డబ్బులడిగితే, బోలెడన్ని పాటలు విని తనే పోలికలు పట్టుకున్నదై ఉండాలి. మనిషిలా సంగీతం అర్థమయ్యే యంత్రమైతే ఇంకా రాలేదు.

మీ క్యాసెట్ పని అలా నేర్చుకున్న ఏఐదే. స్ప్లీటర్, డీమక్స్ అనే కంప్యూటర్ ప్రోగ్రాములు ఉచితంగా దొరుకుతాయి. పాటను గొంతు, డ్రమ్స్, బేసు, మిగతావి అని నాలుగుగా విడదీస్తాయి. చిక్కల్లా అవి ఎక్కువగా స్టూడియో బ్యాండు పాటల మీద నేర్చుకోవడం. చెక్కల మోత వాటికి కొత్త. కొంత డ్రమ్స్‌లోకి, కొంత మిగతావాటిలోకి పోతుంది. 'స', 'శ' పలికే చోట గజ్జెల గలగల గొంతుకే అంటుకుని వస్తుంది, రెండూ పై పౌనఃపున్యాలే కాబట్టి. వంతపాట కూడా గొంతే కాబట్టి గురువుగారి నుంచి అది విడిపోదు.

ముందు క్యాసెట్ అంచున ఉన్న చిన్న ప్లాస్టిక్ పలకలు విరిచేయండి, పొరపాటున రికార్డ్ నొక్కినా చెరగదు. ప్లేయర్ హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, 44,100 శాంపుల్ రేటు, 16 బిట్ వేవ్ ఫైలుగా కంప్యూటర్‌లోకి ఎక్కించండి. ఎంత గట్టి శబ్దమైనా రికార్డింగ్ మీటరులో మైనస్ 6 డెసిబెల్స్ దాటకూడదు. ఎంపీ3 వద్దు.

ఆనాటి హార్మోనియం ఇంకా ఉంటే దాని ఆధార షడ్జమాన్ని టేపులోదానితో పోల్చండి. టేపులో అర స్వరం పైకి వినిపిస్తే ప్లేయర్ సుమారు 6 శాతం వేగంగా తిరుగుతున్నట్టు. ఆ వేగం సరిచేశాకే విడదీయండి. టేపు బుసను ముందే తీసేయకండి, దాంతోపాటు హల్లుల పదును పోతుంది.

విడదీసిన గొంతు ఒక్కటే వింటే నీళ్లలోంచి వస్తున్నట్టుంటుంది. మిగతా మూడు ఫైళ్లనూ 12 డెసిబెల్స్ తగ్గించి దాని కింద కలపండి. చెక్కలు దూరంగా వినిపిస్తాయి, గురువుగారి గొంతు ముందుకొస్తుంది.