గోల్ఫ్ బంతి మీద గుంటలు ఎందుకు?

ప్రశ్న: చదునైన పలక మీద లెక్క వేస్తే లామినార్ సరిహద్దు పొరలో (ఉపరితలానికి ఆనుకొని నునుపుగా సాగే పలుచని గాలి పొరలో) కంటే టర్బులెంట్ పొరలో (సుడులతో కలగలిసి సాగే పొరలో) ఘర్షణ చాలా ఎక్కువని వస్తోంది. అలాంటప్పుడు గోల్ఫ్ బంతికి గుంటలు పెట్టి, పొరను కావాలనే టర్బులెంట్‌గా మారిస్తే బంతి ఎక్కువ దూరం ఎలా వెళుతుంది?
— ఇంజనీరింగ్ విద్యార్థిని, కాకినాడ

జవాబు: మీ లెక్క సరైనదే. గాలి సెకనుకు 10 మీటర్ల వేగంతో వీస్తుంటే, పలక అంచు నుంచి అర మీటరు దూరంలో రేనాల్డ్స్ సంఖ్య (ప్రవాహపు జడత్వానికి, గాలి జిగటకు మధ్య నిష్పత్తి) సుమారు 3.3 లక్షలు. జర్మన్ శాస్త్రవేత్త బ్లాసియస్ 1908లో ఇచ్చిన పరిష్కారం ప్రకారం అక్కడ లామినార్ పొర మందం 4.3 మిల్లీమీటర్లు, పొర అంచు నుంచే టర్బులెంట్‌గా ఉందనుకుంటే మందం 14.5 మిల్లీమీటర్ల దాకా వస్తుంది, ఆ చోట ఘర్షణ నాలుగు రెట్లవుతుంది.

అయితే ఈ సూత్రాలు ప్రవాహం వెంబడి పీడనం మారని పలకకే వర్తిస్తాయి. బంతి వెనుక సగంలో గాలి తక్కువ పీడనం నుంచి ఎక్కువ పీడనంలోకి సాగవలసి ఉంటుంది. లామినార్ పొరలో గోడకు ఆనుకొని ఉన్న గాలికి వేగం చాలా తక్కువ కాబట్టి, అది ఆ ఎదురు పీడనానికి తట్టుకోలేక, ముందు బిందువు నుంచి సుమారు 80 డిగ్రీల వద్దే ఉపరితలాన్ని విడిచిపెడుతుంది. టర్బులెంట్ పొరలోని సుడులు పైనున్న వేగవంతమైన గాలిని గోడ దగ్గరికి చేరవేస్తూ ఉంటాయి గనుక, ఆ పొర సుమారు 120 డిగ్రీల దాకా అంటిపెట్టుకొని ఉండగలదు. దానివల్ల బంతి వెనుక అల్పపీడన ప్రాంతం సన్నబడుతుంది. బంతి మీద డ్రాగ్‌లో (గాలి వెనక్కి లాగే బలంలో) సింహభాగం ఈ పీడన భేదం వల్లనే కలుగుతుంది కాబట్టి, ఘర్షణ కొంత పెరిగినా మొత్తం డ్రాగ్ బాగా తగ్గుతుంది.

ఈ సంగతి బయటపడిన తీరు నాకు ఎంతో ఇష్టమైనది. పారిస్‌లో ఐఫిల్ (గోపురం కట్టిన ఆయనే) 1912లో గోళాల మీద కొలిచిన డ్రాగ్ గుణకం (ఆకృతి మీద డ్రాగ్ ఎంతో తెలిపే సంఖ్య), జర్మనీలోని గోటింగెన్ ప్రయోగశాల చెప్పిన విలువలో సగం కూడా లేదు. రెండు కొలతలూ నిజమేనని 1914లో గోటింగెన్ శాస్త్రవేత్త ప్రాంట్ల్ నిరూపించారు. గోళం ముందు భాగాన సన్నని తీగను చుట్టి పొరను టర్బులెంట్‌గా మార్చగానే, అదే గాలి వేగం వద్ద డ్రాగ్ పడిపోయింది. గోల్ఫ్ బంతి గుంటలు చేసే పని ఆ తీగ చేసినదే.

కాబట్టి ఏ ఆకృతిని విశ్లేషించినా ముందుగా పీడనం ఎటు పెరుగుతోందో చూడండి. రేనాల్డ్స్ సంఖ్య 5 లక్షలు (చదునైన పలక మీద పొర టర్బులెంట్‌గా మారే హద్దు) దాటిందా లేదా అన్నది ఆ తర్వాతి ప్రశ్న, పైగా ఆ హద్దు కూడా ఉపరితలపు గరుకుదనాన్ని, వచ్చే గాలిలోని అలజడిని బట్టి మారుతుంది. విమానం రెక్క వంటి సన్నని ఆకృతుల్లో ఘర్షణదే పెద్ద వాటా కనుక అక్కడ లామినార్ పొరను వీలైనంత దూరం నిలపాలని చూస్తారు. అయినా, ప్రవాహం విడిపోయే ప్రమాదం ఉన్న చోట అదే రెక్క మీద చిన్న చిన్న పలకలు నిలబెట్టి సుడులు పుట్టిస్తారు.