ఆకులే తప్ప మొగ్గ లేని పెటూనియాలు: సమాధానం

పెటూనియాలు కుండీల్లో ఏపుగా పెరిగినా వసంతం సగమైపోయింది, ఒక్క మొగ్గా లేదు, వారం వారం యూరియా వేస్తున్నా అన్నారు కదా. నాకైతే తేడా ఆ యూరియాలోనే కనిపిస్తోంది. అందులో 46 శాతం నత్రజనే. అది ఆకును పెంచుతుంది, మొగ్గను కాదు. వెంటనే ఆపేయండి. కుండీ అడుగు రంధ్రాల్లోంచి బాగా కారేదాకా రెండు మూడుసార్లు నీళ్లు పోస్తే మిగిలిన ఎరువు చాలావరకు కొట్టుకుపోతుంది. ఓ రెండు వారాలాగి పొటాష్ ఎక్కువున్న ఎరువు (ప్యాకెట్ మీద మూడో అంకె పెద్దది) సగం మోతాదులో ఇవ్వండి.

రోజుకి 6 గంటల నేరు ఎండ తగులుతోందా? పైకప్పు నీడలో ఉంటే కుండీలు అంచుకి జరపండి.

సాగిపోయిన కొమ్మల్ని మూడో వంతు కత్తిరించండి. మొదటిసారి నాకూ చేతులాడలేదు! కానీ కోసిన చోటికి కింద, ఆకు మొదట్లోంచి కొత్త చిగుళ్లు వస్తాయి, పూసేది వాటికే.

పూలొచ్చాక ఒక్క మాట: వాడిన రేకులు మాత్రమే లాగేస్తే కింద పచ్చటి గింజకాయ మిగిలిపోతుంది, మొక్క బలం కొత్త పూలకి కాక గింజలకి పోతుంది. తొడిమతో సహా గిల్లేయండి. చేతులకి జిగురంటుతుంది, కడిగితే పోతుంది.