తగినంత అంటే ఎంతమ్మా?

చిరంజీవికి ఆశీస్సులు.

డల్లాస్ నుంచి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. థాంక్స్‌గివింగ్ రోజు టీవీలో ఫుట్‌బాల్ నడుస్తుంటే మీ ఇంట్లో లోడెడ్ పొటాటో స్కిన్స్, అదే గుజ్జు తీసిన బంగాళాదుంప డొప్పల్లో చీజ్ వేసి కాల్చేవి, చేసిన సంగతి. బాగుంది. కానీ నాలుగో పేరాలో "తగినంత చీజ్, తగినంత ఉప్పు వేసి కాల్చుకోవాలి" అన్నావు చూడు, అక్కడ నాకు ఒళ్లు మండింది.

తగినంత అంటే ఎంతమ్మా? నలభై ఏళ్లుగా ఈ ఒక్క మాట మీదే పోరుతున్నాను. నేను మొదట ఒక వారపత్రికకి పంపింది బంగాళాదుంప వేపుడు. కోసిన ముక్కలు అరగంట నీళ్లలో ఉంచాలనీ, బట్టమీద తడి ఆరాకే నూనెలో వేయాలనీ రాశాను. చోటు చాలదని సంపాదకుడు ఆ రెండు వాక్యాలూ కొట్టేసి "తగినంత నూనెలో వేయించాలి" అని వేశాడు. ఒకావిడ కార్డు రాసింది. ముక్కలన్నీ మూకుడుకి అంటుకుని ముద్దయ్యాయట, పండక్కొచ్చిన అల్లుడి ముందు తల కొట్టేసినట్టయిందట. ఆ కార్డు ఇంకా నా బీరువాలో ఉంది. ఆ సంపాదకుడి మీద కోపమూ అలాగే ఉంది. ఇప్పుడైతే మరీ అన్యాయం, పేజీ అంతా ఫొటోయే, వంట నాలుగు లైన్లు.

నువ్వు రసెట్ రకం దుంపలే ఎందుకు కొన్నావు? పిండి ఎక్కువ, తోలు మందం, అందుకే గుజ్జు పొడిపొడిగా వస్తుంది. అదే చిన్న ఎర్ర దుంపలైతే జిగురుగా ఉండి చెంచాకి సరిగ్గా రాదు. ఫోర్కుతో పొడిచి, 400 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో గంటసేపు కాల్చి ఉంటావు. ఆ గంటలో ఇంట్లో ఏం జరిగింది? సగానికి కోసి గుజ్జు తీసేటప్పుడు పావు అంగుళం మందం వదలాలి, లేకపోతే డొప్ప చిరుగుతుంది. లోపలా బయటా వెన్న రాసి, బోర్లించి, మళ్లీ పది నిమిషాలు కాల్చాలి. అప్పుడు గట్టిపడి, చీజ్ వేశాక కూడా మెత్తబడదు. "కరకరలాడే" అని ఐదుసార్లు రాశావు, బోర్లించావో లేదో ఒక్కసారీ చెప్పలేదు.

అసలు నన్ను ఆపింది చివరి పేజీలోని ఒక్క వాక్యం. కార్తీకమాసం కాబట్టి ఉల్లీ వెల్లుల్లీ ముట్టని మీ అత్తగారి కోసం, చీజ్ ప్యాకెట్ తిప్పి, పాలు విరగ్గొట్టే రెన్నెట్ దూడ కడుపులోంచి తీసిందో కాదో చదివి, ట్రే మూలన రెండు డొప్పలు విడిగా పెట్టి, కలిసిపోకుండా పుల్ల గుచ్చానన్నావు. అది చదివి కాసేపు కాగితం పక్కన పెట్టేశాను. ఆ పుల్ల దగ్గర మొదలవ్వాలి తల్లీ నీ వ్యాసం. పైన వేసే బేకన్ (పంది మాంసం), సోర్ క్రీమ్ (పుల్లటి మీగడ) గురించి రెండు పేరాలు ఎందుకు? అవి ఎవరైనా రాస్తారు.

పుస్తకం ఎప్పుడు వేయాలి, ఎవరికి పంపాలి అని అడిగావు. అది తర్వాత చూద్దాం. ముందు ఇది తిరగరాసి పంపు. ఆ రెండు డొప్పల మీద జీలకర్ర వేశావా, పచ్చిమిర్చి వేశావా, ఎన్ని వేశావు? ఆవిడ రెండూ తిన్నారా, ఒకటి మిగిల్చారా? అది కూడా రాయి.