గడగడా చదువుతారు, ఏం చదివారో చెప్పలేరు: నాలుగో తరగతికి నేను చేసేది

నాలుగో తరగతి పిల్లలు పాఠం తప్పుల్లేకుండా చదువుతున్నారు, కింద ప్రశ్నలకు జవాబులూ రాస్తున్నారు, పుస్తకం మూసి ‘ఇందులో ఏం జరిగింది?’ అంటే మాత్రం నోరు మెదపడం లేదు అని ఒక తోటి టీచరు నాతో అన్నారు. గైడు కొనిపించాలా అని కూడా అడిగారు. నేను కర్నూలు జిల్లా ఆదోని దగ్గర ఒక పల్లెలో ఎస్‌జీటీని, అంటే ప్రాథమిక బడి టీచర్ని. మూడు, నాలుగు, ఐదు తరగతులు నా దగ్గరే ఉంటాయి. మా బడిలో పనిచేసినవి చెబుతాను, మీకు పనికొచ్చేవి తీసుకోండి.

ముందు ఆ కొశ్చన్ ఆన్సర్లను నమ్మడం మానేయండి. రేపు బోర్డు మీద ఈ వాక్యం రాసి చూడండి: ‘లొట్టిమ పొద్దున్నే తొర్కిలో మూడు గింపులు జమిరింది.’ పొద్దున్నే, మూడు తప్ప మిగతావన్నీ నేను పుట్టించిన మాటలే. ఎన్ని జమిరింది, ఎక్కడ జమిరింది, ఎప్పుడు జమిరింది అని అడగండి. ‘మూడు సార్’, ‘తొర్కిలో సార్’ అని అందరూ చేతులెత్తుతారు. అన్నీ కరెక్టే! తర్వాత ‘సరే, గింపు అంటే ఏంది రా?’ అనండి. అప్పుడు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. చివర ‘లో’ కనపడితే అది ‘ఎక్కడ’కి జవాబని వాళ్లకు ఎప్పుడో ఒంటబట్టింది. పాఠం కింద మనం అడిగే ప్రశ్నల్లో సగం ఈ పద్ధతిలో గట్టెక్కేవే. ఈ ఆట తర్వాత మా పిల్లలు తెలియని మాట ఎదురైతే ‘సార్, ఇదొక గింపు’ అంటున్నారు. తెలియలేదని పిల్లలు నామోషీ లేకుండా చెప్పడం మొదలైతే సగం పని అయినట్టే.

ఇంకో చిన్న పరీక్ష. చదివి చెప్పలేకపోయిన పేరానే మీరు చదివి ఆ పిల్లవాడికి వినిపించండి. విన్నాక చక్కగా చెప్పాడంటే వాడి ఇబ్బంది అక్షరాల దగ్గరే. ఒత్తులు, గుణింతాలు కూడబలుక్కోవడానికే వాడి ఓపికంతా అయిపోతోంది. విన్నా చెప్పలేకపోతే ఇబ్బంది మాటల్లో ఉంది, లేదా పాఠం చెప్పే విషయమే వాడికి కొత్త. గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు 1986లో చెప్పింది ఇదే: అక్షరాన్ని మాటగా పలకడం, ఆ మాటలు వింటే అర్థం కావడం, ఈ రెండిటి గుణకారమే చదవడం. ఒకటి సున్నా అయితే మొత్తం సున్నానే. మా దగ్గర రెండు రకాలూ ఒకే బెంచీ మీద ఉంటారు. కొందరి ఇళ్లల్లో కన్నడం మాట్లాడతారు. కొందరు అమ్మానాయనలతో సుగ్గికి, అంటే కోతల కాలంలో కూలి వలసకి, గుంటూరు వైపు మిరపకాయలు కొయ్యడానికి పోయి, నెలల తర్వాత బడికొస్తారు. ఇద్దరికీ ఒకే మందు వేస్తే ఎట్లా?

ఇక్కడ ఒక మాట. 2021లో కేంద్రం తెచ్చిన నిపుణ్ భారత్ అనే చదువు పథకం ప్రకారం మూడో తరగతి ముగిసేసరికి పిల్లలు నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలి. సెల్‌ఫోన్‌లో టైమర్ పెట్టి 60 లెక్కపెట్టడం సులువు కాబట్టి అందరూ అదే చేస్తారు. ‘అర్థం చేసుకుంటూ’ అన్నదాన్ని ఎవరూ లెక్కపెట్టరు. మీ పిల్లల గడగడ చదువుకు ఇదీ ఒక కారణం కావచ్చు.

ఇక అసలు పని. ప్రశ్నలు పాఠం చివర కాదు, మధ్యలో అడగాలి. నాలుగు వాక్యాలకు ఒకసారి ఆపండి. ఉదాహరణకు నేను రాసుకున్న ఈ ముక్క చూడండి: ‘లక్ష్మి కుక్కపిల్లను ఎత్తుకొని బావి దగ్గరికి పోయింది. లోపలికి తొంగి చూసింది. నీళ్లు చూడగానే భయపడి వెనక్కి ఉరికింది. ఇంటికొచ్చి మంచం కింద దూరింది. ఎంత పిలిచినా బయటికి రాలేదు.’ తొంగి చూసింది ఎవరు? ఉరికింది ఎవరు? మన తెలుగులో కర్తను ప్రతి వాక్యంలో చెప్పం. పైగా ఆడపిల్లకూ కుక్కపిల్లకూ క్రియ ఒక్కటే, రెండూ ‘ఉరికింది’ అనే. అక్కడ మగపిల్లవాడుంటే ‘ఉరికాడు’ అని తేలిపోయేది. పెద్దవాళ్లం మనకు తెలియకుండానే దీన్ని సరిచేసుకుంటూ పోతాం, పిల్లలు మాత్రం ఇక్కడే దారి తప్పుతారు.

మా తరగతిలో దీని మీద పెద్ద గొడవే అయింది. సగం మంది లక్ష్మి అన్నారు, సగం మంది కుక్కపిల్ల అన్నారు. నేను జవాబు చెప్పలేదు. ‘ఏ మాట చూసి అంటున్నావు?’ అని మాత్రం అడుగుతూ పోయాను. ‘మంచం కింద దూరింది అంటే కుక్కపిల్లే సార్’ అన్నాడొకడు. ‘మా చెల్లెలు కూడా దూరుతుంది’ అని ఇంకొకడు. చివరికి ఒక పిల్ల, ‘ఎంత పిలిచినా అంది కదా సార్, పిలిచేది లక్ష్మి అయితే లోపల ఉండేది కుక్కపిల్లే’ అంది. పిలిచింది లక్ష్మి అని ఆ ముక్కలో ఎక్కడా లేదు. లేనిదాన్ని ఉన్నదాన్నుంచి లాగింది చూడండి, మనకు కావలసింది అది. ‘ఏ మాట చూసి?’ అన్న ఒక్క ప్రశ్న పట్టుకున్నా మీకు చాలు అంటాను. తొంగి చూసింది ఎవరో మాత్రం తేలలేదు, తేలకపోయినా పర్వాలేదు.

వాళ్లు చెప్పేటప్పుడు భాష దిద్దొద్దు. ‘యాడికో పాయ సార్’ అన్నా సరే, కథ చెప్పనివ్వండి. పుస్తకం భాష రాసేటప్పుడు చూసుకోవచ్చు.

విషయం తెలియకపోతే ఎంత బాగా చదివినా లాభం లేదు. 1988లో అమెరికాలో రెక్ట్, లెస్లీ అనే పరిశోధకులు పిల్లలకు బేస్‌బాల్ ఆట గురించి ఒక పాఠం ఇచ్చి చూశారు. చదువులో వెనకబడినా ఆట తెలిసిన పిల్లలకు, బాగా చదివినా ఆట తెలియని పిల్లలకంటే ఎక్కువ అర్థమైంది. మా దగ్గర ఇది మిరపకాయలతో తేలింది. ‘కల్లంలో కాయలు ఆరబోశారు. సాయంత్రం మబ్బు పట్టింది. అందరూ పట్టలు తీసుకొని ఉరికారు’ అని రాసి ఎందుకు ఉరికారని అడిగాను. క్లాసు ఫస్టు పిల్ల ఆలోచిస్తూ ఉంది. సుగ్గి నుంచి వచ్చినవాడు, కూడబలుక్కొని చదివేవాడు, ‘తడిస్తే కాయ తాలు అవుతాది సార్, రేటు రాదు’ అన్నాడు. తాలుకాయంటే రంగు పోయి తెల్లబడిన కాయని ఆ పొద్దు క్లాసుకంతా వాడే చెప్పాడు. అందుకే ఓడరేవు గురించిన పాఠం తీసే ముందు పావుగంట ఆదోని మార్కెట్ యార్డు గురించి మాట్లాడుకుంటాం. పత్తి ఎట్లా దిగుతుంది, తూకం ఎవరేస్తారు, లారీలు ఎక్కడికి పోతాయి, అక్కడి నుంచి ఓడ దాకా.

శిక్షణల్లో చెప్పే నాలుగు పాత్రల పద్ధతి ఉంది కదా, ఊహించడం, ప్రశ్నించడం, తెలియనిది తేల్చుకోవడం, క్లుప్తంగా చెప్పడం. పాలిన్‌సర్, బ్రౌన్ అనే పరిశోధకులు 1984లో దాన్ని ఏడో తరగతి పిల్లలతో చేశారు. నాలుగో తరగతికి నాలుగూ బరువే. నేను రెండే పెట్టాను: ఒకరు ప్రశ్న అడుగుతారు, ఒకరు గింపులు పట్టుకుంటారు. ఊహించడం పెడితే మా వాళ్లు దయ్యాల దాకా పోతారు. క్లుప్తంగా చెప్పడం ఐదో తరగతిలో చూద్దాం.

ఇంగ్లీషు విషయానికొస్తే, 2020-21 నుంచి మన ఆంధ్రప్రదేశ్‌లో లెక్కలు, పరిసరాల విజ్ఞానం పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. తెలుగు పేజీ చదివించి, మాట్లాడించి, తర్వాతే ఎదుటి పేజీకి పొండి.

గైడు వద్దు. తల్లిదండ్రులు అడిగితే ఆ డబ్బుతో రెండు కథల పుస్తకాలు కొనమనండి. అంతకంటే ముందు మీ హెచ్‌ఎం గారి బీరువాలో తాళం వేసి ఉన్న లైబ్రరీ పుస్తకాలు బయటికి తెప్పించండి. చినిగితే నా పూచీ అని చెప్పి నేను తెచ్చుకున్నాను. కొన్ని చినిగాయి కూడా, ఎవరూ ఏమీ అనలేదు.