నాలుగు రెట్ల ధర పెట్టి సైకిల్ బ్యాగు కొనవచ్చా?

ప్రశ్న: రోజూ ఆఫీసుకు సైకిల్ మీద వెళ్తాను. రానూపోనూ 18 కిలోమీటర్లు. ఏడాది కింద కొన్న చౌక బ్యాగు జిప్పు సరిగ్గా పడటం లేదు, భుజం పట్టీ ఊడేలా ఉంది. వీపంతా చెమట. ఈమధ్య మెడ కూడా నొప్పి పుడుతోంది. ఇప్పుడు నాకు నచ్చిన బ్యాగు ధర పాతదానికి సరిగ్గా నాలుగు రెట్లు. వాయిదాల్లో కట్టమంటున్నారు. ఇది అవసరమా, దుబారా ఖర్చా?

జవాబు: మెడ నొప్పి సంగతి మీరు చివర్లో రాశారు. నా లెక్కలో అదే మొదటి పద్దు. కారణం కొంచెం తర్వాత చెప్తాను, ముందు మామూలు లెక్క చూద్దాం.

ఏడాదికి 220 రోజులు ఆఫీసుకు వెళ్తారనుకుందాం. పాత బ్యాగు ఒక ఏడాది వచ్చింది. దానికి నాలుగు రెట్లు పెట్టి కొన్నది నాలుగేళ్లు వస్తే, అంటే 880 రోజులు మన్నితే, రోజుకు పడే ఖర్చు రెండింటికీ ఒకటే. మూడేళ్లకే పోతే నష్టం, ఆరేళ్లు వస్తే లాభం. కాబట్టి ధర చూసి భయపడక్కర్లేదు, 880 రోజులు మన్నుతుందా అన్నదే చూడాలి. అది షాపులోనే చాలావరకు తెలిసిపోతుంది. బ్యాగు తిరగేసి, భుజం పట్టీ వీపు భాగానికి కలిసే చోట వేలు పెట్టి చూడండి. అక్కడ ఒకే వరస కుట్టు ఉంటే వదిలేయండి. దారం అటూ ఇటూ చాలాసార్లు తిప్పి దట్టంగా, పట్టీలా వేసిన కుట్టు ఉండాలి. బ్యాగు బరువంతా లాగేది ఆ రెండంగుళాల చోటునే. తర్వాత జిప్పును మూల మలుపు దగ్గర పదిసార్లు లాగండి. లోపలి గుడ్డ దానికి చిక్కుకుంటుంటే ఏడాది తిరక్కుండానే మళ్లీ నాకు ఉత్తరం రాస్తారు. ‘జీవితకాల వారంటీ’ అని ఉంటే షరతులు చదవండి. తయారీలో లోపాన్ని మాత్రమే ఒప్పుకుని, వాడకం వల్ల అరిగినదాన్ని ఒప్పుకోని వారంటీలే ఎక్కువ. ఆ ఒక్క మాట కోసం అదనంగా డబ్బు పెట్టకండి.

ఇక మెడ నొప్పి. బ్యాగు ఇబ్బంది పెడుతోందని వారానికి ఒక్క రోజు సైకిల్ మానేశారనుకోండి. ఏడాదికి 44 రోజులు. ఆ 44 రోజులూ మీరు బస్సుకో, ఆటోకో, పెట్రోలుకో పెట్టే ఖర్చు కాగితం మీద వేసి, రెండు బ్యాగుల ధరల తేడా పక్కన పెట్టి చూడండి. చాలామందికి ఒకటి రెండేళ్లలో ఆ తేడా తిరిగి వచ్చేస్తుంది. సైకిల్ తొక్కడం వల్ల మిగిలే డబ్బే మీ అసలు ఆదాయం, దాన్ని కాపాడేది ఏదైనా దుబారా కాదు. మీ ప్రశ్నకు నా సమాధానం ఇదే. నొప్పితో పాటు చేతుల్లో తిమ్మిర్లు కూడా ఉంటే మాత్రం బ్యాగు సంగతి తర్వాత, ముందు డాక్టరును కలవండి.

అయితే కొనేముందు మీ బ్యాగును తూకం వేయండి. నేనూ సైకిల్ మీదే ఆఫీసుకు వెళ్తాను. ఒకసారి అనుమానం వచ్చి తూకం వేస్తే 7.4 కిలోలు తేలింది. అన్నీ బల్ల మీద పరిచాను. తాళం కిలోన్నర, ఆఫీసు బూట్లు 900 గ్రాములు, చార్జర్ 400, ఎప్పటివో కాగితాలు 600, నీళ్లు ఒక లీటరు. తాళం ఆఫీసు స్టాండులోనే వదిలేయడం మొదలుపెట్టాను, బూట్లు నా డెస్కు కిందికి వెళ్లాయి, పాత కాగితాలు తీసేశాను, ఆఫీసు కోసం ఇంకో చార్జర్ కొన్నాను, నీళ్ల సీసాకు సైకిల్ ఫ్రేముకు స్టాండు బిగించాను. బ్యాగు 3 కిలోలకు దిగింది. నాకు చార్జర్, సీసా స్టాండుకు అయిన ఖర్చు కొత్త బ్యాగు ధర ముందు చాలా చిన్నది. ఆ వారం మెడ తేలికపడినట్టు నాకు ఇప్పటికీ గుర్తు.

ఇంత తగ్గించాక కూడా ఐదారు కిలోలు మోయక తప్పదంటే, ఆ బరువు మీ వీపు మీద కాదు, సైకిల్ మీద ఉండాలి. వెనక క్యారియర్, దాని పక్కకు తగిలించే సంచి కలిపి ఎంతవుతుందో ధర కనుక్కోండి. క్యారియర్ ఎంత బరువు ఆపుతుందో దాని మీదే రాసి ఉంటుంది, 25 కిలోలు ఆపేవి మామూలుగా దొరుకుతాయి. వీపుకు చెమట గొడవ పూర్తిగా తీరేది ఈ పద్ధతిలోనే. కుదుపులకు ల్యాప్‌టాప్ దెబ్బతినకుండా మెత్తటి కవరు తప్పనిసరి. సైకిల్ దిగాక చాలా దూరం నడిచేవారికి మాత్రం ఈ సంచి చేతిలో ఇబ్బందే.

వీపు బ్యాగే కావాలంటే 18 నుంచి 22 లీటర్లు చాలు. పెద్దది కొంటే ఖాళీగా ఉంచం, ఏదో ఒకటి నింపుతాం. తల వంచినప్పుడు మెడ కింద పొడుచుకొచ్చే ఎముక నుంచి తుంటి ఎముక పైఅంచు దాకా మీ వీపు పొడవు కొలుచుకోండి, బ్యాగు వీపు భాగం అంతకు మించకూడదు. సైకిల్ మీద ముందుకు వంగుతాం కాబట్టి పొడవాటి బ్యాగు మెడ మీదికి జారి హెల్మెట్‌కు తగులుతుంది. ఛాతీ పట్టీ, నడుం పట్టీ రెండూ ఉండాలి. అవి లేకపోతే తొక్కేటప్పుడు బ్యాగు అటూ ఇటూ ఊగి భుజాలను లాగుతుంది. వీపుకు, బ్యాగుకు మధ్య గాలి ఆడేలా జాలీ బిగించిన రకానికి కొంచెం ఎక్కువ పెట్టినా ఫర్వాలేదు. చెమట తగ్గుతుంది తప్ప పోదు, కాబట్టి ఆఫీసులో ఇంకో చొక్కా ఉంచుకోవాల్సిందే. వెలుతురు పడితే మెరిసే పట్టీ మీద పొదుపు చేయకండి. ఫోను చార్జింగ్ రంధ్రానికి, పదహారు అరలకు మాత్రం పైసా అదనంగా ఇవ్వకండి.

వాయిదాలు వద్దు. వడ్డీ లేదన్నా ప్రాసెసింగ్ ఫీజు పడవచ్చు, మొత్తం ఒకేసారి కడితే వచ్చే తగ్గింపు పోవచ్చు, ఒక్క నెల మరిచిపోతే మీ క్రెడిట్ స్కోరుకు దెబ్బ. సైకిల్ తొక్కిన ప్రతి వారం చివర్న, ఆ వారం మిగిలిన ప్రయాణ ఖర్చులో సగాన్ని వేరే ఖాతాలోకి మార్చండి. బ్యాగు ధర నిండిన రోజున కొనండి.

అంతదాకా పాతదాన్ని నడిపించవచ్చు. జిప్పు పళ్లు బాగానే ఉండి మూసుకోవడం లేదంటే చాలాసార్లు తప్పు స్లైడర్‌ది, అంటే పళ్ల మీద జరిగే ముక్కది. అది వదులైపోతుంది. పట్టకారుతో దాని రెండు అంచులనూ మెల్లగా, కొంచెం కొంచెంగా నొక్కి చూడండి. గట్టిగా నొక్కితే విరిగిపోతుంది. భుజం పట్టీని బ్యాగులు కుట్టేవారి దగ్గర మందపాటి దారంతో వేయించండి.

కొత్తది తెచ్చిన రోజు ట్యాగు తీయకండి. మీ ల్యాప్‌టాప్, మామూలు సామాను అందులో పెట్టి, హెల్మెట్ పెట్టుకుని, నిలబెట్టిన సైకిల్ మీద పది నిమిషాలు కూర్చోండి. భుజం మీదుగా వెనక్కి తిరిగి చూడండి. బ్యాగు హెల్మెట్‌కు తగిలినా, పట్టీ మెడ పక్కన ఒరుసుకున్నా, వాపసు గడువు దాటకముందే ఇచ్చేయండి.