విండోస్‌కే వైరస్‌లు ఎందుకు ఎక్కువ?

కంప్యూటర్‌ని నడిపే సిస్టమ్‌లలో లినక్స్ కంటే విండోస్‌కే వైరస్‌లు ఎందుకు ఎక్కువని అడిగారు. మొదటి కారణం జనం: విజయవాడ బీసెంట్ రోడ్డులో జేబుదొంగ రద్దీ ఉన్నచోటే తిరిగినట్టు, వైరస్ రాసేవాడూ ఎక్కువమంది వాడే సిస్టమ్ మీదే కన్నేస్తాడు. అదొక్కటే కాదు. పాత విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో చాలామంది అన్నీ మార్చే అధికారమున్న అడ్మిన్ అకౌంట్‌లోనే పని చేసేవాళ్లు, దాంతో లోపలికి దూరిన వైరస్‌కి సిస్టమ్ మొత్తం చేతికొచ్చేది. లినక్స్‌లో సిస్టమ్ ఫైళ్లు మార్చాలంటే రూట్ అనుమతి, అంటే అడ్మిన్ లాంటి పూర్తి అధికారం, కావాలి. అలాగని దానికేమీ కాదనుకోకండి. 2016లో మిరాయ్ అనే వైరస్ పట్టుకున్నది కంపెనీ పెట్టిచ్చిన డిఫాల్ట్ పాస్‌వర్డ్ మార్చని, లినక్స్‌తో నడిచే కెమెరాలు, రౌటర్లనే. నన్నడిగితే అసలు ప్రమాదం అప్‌డేట్లు ఆపేయడమే: ఫైళ్లకి తాళమేసి డబ్బులడిగే వాన్నాక్రై వైరస్ 2017 మేలో విరుచుకుపడింది, విండోస్ 7కి దాన్ని అడ్డుకునే ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) మార్చిలోనే వచ్చేసింది. విజయవాడలో జిరాక్స్ షాపుల్లో పెట్టిన పెన్‌డ్రైవ్‌ని మాత్రం, దయచేసి, స్కాన్ చేశాకే తెరవండి.