కాంగ్‌లో మాట కలవాలంటే

సందేహం: మావారి ఉద్యోగం కోసం ఐర్లండ్‌లోని మాయో కౌంటీకి, కాంగ్ అనే పల్లె దగ్గరికి వచ్చాం. ఊరివాళ్లు మర్యాదస్తులే, కానీ వాన గురించి తప్ప మాట సాగడం లేదు. ఏం చేయాలి?

జవాబు: అక్కడ వాన తక్కువ విషయమేమీ కాదమ్మా! అయినా మాట ముందుకు సాగాలంటే ఊరి పాత సంగతులు అడగండి. 1951లో అక్కడ తీసిన హాలీవుడ్ సినిమా ఊసు మాత్రం ఎత్తకండి, టూరిస్టులు అడిగేది అదే.

ముందు మీ ఇల్లు ఏ టౌన్‌ల్యాండ్‌లో, అంటే పాతకాలం నుంచి పేరున్న ఏ చిన్న నేల విభాగంలో, ఉందో తెలుసుకోండి. ఐర్లండ్ దీవి మొత్తం కలిపి ఇలాంటివి 60 వేలకు పైనే. పిన్‌కోడ్ లాంటి ఎయిర్‌కోడ్ 2015లో గానీ రాలేదు. పల్లెల్లో చాలా ఇళ్లకు నంబర్లు లేవు, టౌన్‌ల్యాండ్ పేరే చిరునామా.

తరువాత ఊళ్లోని పాత క్రైస్తవ మఠం శిథిలాలు చూడండి. ఐర్లండ్ చివరి మహారాజు రోరీ ఓకానర్ 1198లో కన్నుమూసింది ఇక్కడే. పక్కనే నది మీద సన్యాసులు కట్టుకున్న చిన్న రాతి గది ఉంది. నేలలో ఒక కంత, దానికింద పారే నీళ్లు. లోపల కూర్చునే చేపలు పట్టేవారట.

అన్నిటికన్నా నేను చూడమనేది ఎండు కాలువ. మహాక్షామం రోజుల్లో, 1848లో, కరువు పనుల కింద మాస్క్, కారిబ్ సరస్సులను కలుపుతూ తవ్వడం మొదలుపెట్టారు. అక్కడంతా సున్నపురాయి, నీళ్లు నిలవని నేల. పైగా రైళ్లు వస్తున్న కాలం. 1854లో పని ఆపేశారు. పడవలను ఎక్కించి దించడానికి చక్కగా చెక్కిన రాళ్లతో కట్టిన లాకులు గడ్డి మధ్య అలాగే ఉన్నాయి. కడుపు కాలి ఆ రాళ్లు మోసినవారి వారసులు చుట్టుపక్కల ఉండవచ్చు, కనుక నవ్వుతూ మాట్లాడే విషయం కాదు. 1841లో మాయో జనాభా 3 లక్షల 88 వేలు, పదేళ్లకు 2 లక్షల 74 వేలు. ఎవరి కుటుంబం భూస్వామి పక్షాన ఉండేది, 1922 అంతర్యుద్ధంలో ఎవరు ఎటు అన్నవి మీరై అడగకండి. వాళ్లే చెప్తే వినండి.

ఇంట్లో కూర్చుని చదువుకోవాలంటే డూకస్ అనే సైటు ఉంది. మన దగ్గర మెకంజీ దొర ఊరూరా కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్రలు, రాయించినట్టే, అక్కడ 1937 నుంచి రెండేళ్లు బడిపిల్లల చేత పెద్దలను అడిగించి కథలు, వైద్యాలు, వింతలు నోటు పుస్తకాల్లో రాయించారు. అవన్నీ ఉచితం. ఊరి పేరు కొట్టి వెతకండి. సందేహం వస్తే కాసిల్‌బార్‌లోని కౌంటీ లైబ్రరీలో స్థానిక చరిత్ర విభాగాన్ని అడగవచ్చు.